బిళ్ళ చదివేదాకా బురద కడగకు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న పొద్దున మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ కూతురు శని, ఆదివారాలు తుక్కు కొట్ల చుట్టూ తిరుగుతోంది. పాత లారీల కార్బొరేటర్లు కొని, బాగుచేసి, పాత బండ్లు నిలబెట్టుకునేవాళ్ళకి అమ్ముతుందట. నువ్వే చెప్పు దానికి" అని పెట్టేశాడు. వాడికి కోపమొస్తే నువ్వు నా కూతురివైపోతావు, చిన్నప్పట్నించీ అంతే. మీ పెద్దమ్మకి చెప్తే సంబరపడిపోయింది. నాకూ సంతోషమే. మన ఇంట్లో నా తర్వాత పానా పట్టినవాళ్ళు లేరు. కానీ రాత్రి కన్ను మూతపడలేదు. మీ నాన్న భయం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. ఫోన్లో చెప్తే నువ్వు "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటూ నీ పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించే ఆ కార్బొరేటర్లవి నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మొదటిది గ్రీజు, మట్టి పట్టి నల్లగా ఉంది. రెండోది చింతపండు పెట్టి తోమిన చెంబులా మెరుస్తోంది. దాన్ని తోమింది ఎవరు? నువ్వేనా, కొట్టువాడా? మూత మీది స్క్రూల్లో ఒకదాని తల చుట్టూ మూడు మూలల నీడ ఒకటి కనిపిస్తోంది. అక్కడ ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది తల్లీ. ఆ బిళ్ళే దాని పేరు, ఊరు, ఇంటిపేరు. అది పోయాక మిగిలింది ఉత్త లోహం ముద్ద. కొట్టువాడు తోమి ఉంటే రేపే వెళ్ళి, వాడి తుడుపు గుడ్డల్లో, కిరసనాయిలు డబ్బా అడుగున వెతుకు. నువ్వే తోమి ఉంటే మాత్రం నాకు బాధగా ఉంది. చదవకుండా కడగడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

పోత మీద ఉబ్బెత్తుగా ఉన్న అంకె చూసి అదే కార్బొరేటర్ నంబరు అనుకోకు. అది అచ్చు నంబరు. ఒకే అచ్చులో పోసిన ఒంటికి లోపల వేరే జెట్లు (పెట్రోలుని కొలిచి వదిలే రంధ్రమున్న ముక్కలు), వేరే రాడ్లు పెట్టి పది రకాల ఇంజన్లకి పంపేవాళ్ళు. కార్టర్ కంపెనీవాటికి అసలు నంబరు బిళ్ళ మీదే ఉంటుంది, చివర ఎస్ అనో ఎస్‌డీ అనో అక్షరాలతో. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుది డబ్ల్యూఓ రకం, 539ఎస్. తర్వాత వచ్చిన ఎత్తు బానెట్ జీపు ఎఫ్-హెడ్ ఇంజనుది వైఎఫ్ రకం, 938ఎస్‌డీ. ఇక్కడ తయారైన మహీంద్రా జీపులకి తర్వాత సోలెక్స్ కంపెనీది వచ్చింది. పాత షెవర్లే 216 ఇంజను లారీకి కార్టర్ డబ్ల్యూ-1 ఉండేది, 1950 నుంచి రోచెస్టర్ వచ్చింది. పది చక్రాల మిలిటరీ జీఎంసీకి జెనిత్. ఇవి నోటికి రావాలి. రోజూ చూస్తే అవే వస్తాయి.

సోలెక్స్ జెట్టు తల మీద 120 అని ఉంటే దాని రంధ్రం 1.20 మిల్లీమీటర్లు. భూతద్దం పెట్టి చదువు. రంధ్రం మూసుకుపోయిందని తీగ దూర్చకు, సైజు పెరుగుతుంది. గాలిపంపుతో ఊదు, లేదా ఒక దారప్పోగు లాగు. కార్టర్ వాటిలో సన్నని మెట్లమెట్ల రాడ్డు ఒకటి జెట్టులోకి దిగి ఉంటుంది. దాని మీదా నంబరు ఉంటుంది. దాన్ని బల్ల మీద వదిలేయకు, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకో.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళు. అంటుకుంటే పోత ఇనుము. అంటుకోకపోతే ఇత్తడో, అల్యూమినియమో, జింకు పోతో. పాత జింకు పోతలు వయసొచ్చే కొద్దీ ఉబ్బుతాయి, సన్నని పగుళ్ళు వలలా వస్తాయి. అవి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే త్రాటిల్ ఇరుసు పట్టుకుని అటూ ఇటూ కదుపు, లొటలొటలాడితే ధర తగ్గించి అడుగు. అడుగు పలకలో రెండు స్టడ్డుల రంధ్రాల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, అంగుళంలో పదహారో వంతు తేడా లేకుండా కొలిచి రాసుకో. బిళ్ళ లేని వాటికి అదే మొదటి ఆనవాలు.

బోల్టుల విషయంలో తొందరపడకు. అమెరికా బండి, ఇంగ్లండు బండి పక్కపక్కనే విప్పే చోట అన్నీ ఒకే డబ్బాలో పడతాయి. అరంగుళం ఇంగ్లండు విట్‌వర్త్ రకం బోల్టుకి అంగుళానికి 12 మరలు, అమెరికా ముతక మరకి 13. మొదటి రెండు చుట్లూ ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. "తుప్పు వల్లలే" అని పానాకి గొట్టం తొడిగి బలం పెడితే వందేళ్ళకి చేరువైన మర చచ్చిపోతుంది.

బిల్లు లేకుండా ఏదీ కొనకు. ఇంజను నంబరు పలకలు, ఛాసిస్ నంబరున్న ముక్కలు ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ఇప్పుడు పాత డాడ్జి లారీల కార్బొరేటర్లు ఎందుకంత అరుదో చెప్తాను, ధర చెప్పేటప్పుడు నీకు పనికొస్తుంది. బొంబాయిలో జనరల్ మోటార్స్ వాళ్ళు 1928 నుంచి 1954 దాకా బండ్లు బిగించారు. వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు, అక్కడినుంచి డాడ్జి, ఫార్గో లారీలు వచ్చాయి. మొదట పెట్రోలు ఇంజన్లు. తర్వాత అవే లారీలకి పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజన్లు ఎక్కాయి. 1954లో టాటా-బెంజ్ డీజిల్ లారీ వచ్చింది. ఇక పెట్రోలు తాగే లారీని ఎవరు తోలతారు? ఉన్న లారీలక్కూడా ఇంజను దింపి డీజిల్ ఎక్కించారు. దింపిన ఇంజనుతో పాటు కార్బొరేటర్ తుక్కులోకి పోయింది. అందుకే ఇవాళ లారీ దొరికినా దాని కార్బొరేటర్ దాని మీద ఉండదు. ఎక్కడో పొలంలో తోడే ఒక నీళ్ళ ఇంజను మీదో, ఎవరి అటక మీదో ఉంటుంది.

ఇంకో ఆనవాలు. కార్బొరేటర్‌కీ, ఇంజనులోకి దారి తీసే మేనిఫోల్డ్ గొట్టానికీ మధ్య ఇనప ముక్క ఒకటి ఇరికించి, దాని పక్క గొట్టానికి బిరడా కొట్టి ఉంటే పారేయకు. మీ తాతయ్య యుద్ధం రోజుల్లో తోలింది బొగ్గు గ్యాసు బస్సే. పెట్రోలు రేషను. వెనకాల పీపాలో బొగ్గు కాల్చి ఆ గ్యాసుతో బండి నడిపేవాళ్ళు. పెట్రోలు స్టార్టింగ్‌కి మాత్రమే. ఆ పక్క గొట్టం గ్యాసు దారి. ఇంటికొచ్చేసరికి ఆయన ముక్కుపుటాలు మసితో నల్లగా ఉండేవని మా నాయనమ్మ చెప్పేది. అలాంటి ముక్క నీకు దొరికితే అమ్మకు, నాకివ్వు.

డాడ్జి ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు పక్కన ఉండే రకం) ఇంజన్లు రెండు పొడవులు. హెడ్డు మీద టేపు పెట్టి కొలువు. 23 అంగుళాలైతే ఒక జాతి, 25 అయితే ఇంకో జాతి. ఒకదాని హెడ్డు, గాస్కెట్టు ఇంకోదానికి రావు. షెవర్లే ఇంజను దిమ్మ మీద పోసిన తేదీ అక్షరంతో మొదలవుతుంది. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాత తేదీ, చివర సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్కటే. హెచ్ 15 8 అంటే ఆగస్టు 15, అది 1938 అయినా కావచ్చు, 1948 అయినా కావచ్చు. దిమ్మ నంబరు చూస్తేగానీ ఏ దశాబ్దమో తేలదు.

ఇంక అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది.

1972 వేసవి. నాకు పంతొమ్మిది, మీ నాన్నకి పదిహేను. సెలవులని నాతో నేను పనిచేసే మెకానిక్ షెడ్డుకి వచ్చేవాడు. ఉయ్యూరు వైపు చెరుకు తోలే ఫార్గో లారీ ఒకటి వచ్చింది. ఇంకా పెట్రోలు ఇంజనే. పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతోందన్నారు. అదే రోజు ఒక నీళ్ళ ఇంజను కార్బొరేటర్ కూడా బల్ల మీద ఉంది. రెండూ కార్టర్ బాల్ అండ్ బాల్ రకమే, ఒకే అచ్చు, కవలపిల్లల్లా ఉన్నాయి. షెడ్డు మేస్త్రీగారు ఊళ్ళో లేరు. నేనే గొప్పగా రెండూ ఒకేసారి విప్పి, ఒకే పళ్ళెంలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. బిళ్ళలు రెండూ స్క్రూలతో పాటు అందులోనే పడ్డాయి. కడిగాను, మురికి కిరసనాయిలు గోడవతల పారబోశాను. బిళ్ళలు దాంతో పోయాయి. అప్పుడు కూడా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఏది దేనిదో నాకు తెలుసనుకున్నాను.

తేడా నీడిల్ సీటులో ఉంది, అంటే కార్బొరేటర్ గిన్నెలోకి పెట్రోలు వచ్చే, సూది మూసే రంధ్రంలో. నీళ్ళ ఇంజనుకి పైనున్న ట్యాంకులోంచి పెట్రోలు తనంతట తనే దిగుతుంది, దానికి సీటు రంధ్రం పెద్దది. లారీకి పంపు తోస్తుంది, దానికి రంధ్రం చిన్నదే ఉండాలి. పెద్ద రంధ్రం పెడితే పంపు ఒత్తిడికి నీడిల్ మూసుకోదు, గిన్నెలో ఉండే బోలు బుడ్డి, ఫ్లోట్, తేలినా పెట్రోలు ఆగదు. నేను లారీకి పెద్ద సీటు పెట్టాను.

ఇంజను తిరిగింది. చప్పుడు కూడా బాగుంది. తర్వాత కాస్త తడబడి ఆగిపోయింది. ఆ ఇంజన్లలో కార్బొరేటర్ కింద ఏముంటుందో నీకు తెలియాలి. పొగ బయటికి పోయే, ఎర్రగా కాగే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ సరిగ్గా దాని కిందే ఉంటుంది. పెట్రోలు పైనుంచి కారుతోంది. నేను సెల్ఫ్ కొడుతూ "మూతి మూయరా" అన్నాను. గాలి తగ్గించే చోక్‌కి బదులు కార్బొరేటర్ మూతిని అరచెయ్యి పెట్టి మూయడం అప్పట్లో అందరం చేసేవాళ్ళం. మీ నాన్న నా మాట విని ఎడమ అరచెయ్యి పెట్టాడు. ఇంజను వెనక్కి కొట్టింది. టప్ మని ఒక్క శబ్దం. తర్వాత వాడి చెయ్యి చుట్టూ నీలం మంట, ఆ తర్వాత బానెట్ కిందంతా పసుపు మంట. వాడు అరవలేదు. నా వైపు చూశాడంతే. నేను తడి గోనెపట్టా వాడి చేతి మీద వేసి వాణ్ణి ఇవతలకి లాగాను, పక్క షెడ్డువాళ్ళు ఇసక పోశారు. లారీ బతికింది.

ఆ చేతి మీద మచ్చ చిన్నప్పుడు నువ్వు అడిగితే గంజి పడిందన్నాడు. ఇన్నేళ్ళూ నా పేరు ఎత్తకుండా ఉండటానికే అలా చెప్పాడు. మేస్త్రీగారు తిరిగొచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గోడవతలికి వెళ్ళి మట్టి జల్లించి బిళ్ళలు తెచ్చేదాకా పని ముట్టుకోవద్దన్నారు. రెండు రోజులు జల్లించాను. ఒకటే దొరికింది. మీ నాన్న ఆ తర్వాత షెడ్డుకి రాలేదు, చదువుకున్నాడు. నిన్ను తిట్టినప్పుడు వాడికి ఆ నీలం మంట కనిపిస్తుందని తెలుసుకో.

అందుకని, ఒక పళ్ళెంలో ఒక్క కార్బొరేటరే. బిళ్ళని విప్పే ముందు ఫోటో తియ్యి, విప్పాక తీగతో ఒంటికే కట్టు. మూతికి చెయ్యి అడ్డం పెట్టకు, మూతిలోకి సీసాతో పెట్రోలు పోయకు, ఎంత సీనియర్ మెకానిక్ చెప్పినా సరే. ఇసక బకెట్టు, మంటలార్పే సిలిండరు చేతికి అందేంత దూరంలో ఉండాలి. నీ జడ ముడేసుకో.

ఇత్తడి ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపు. లోపల చప్పుడొస్తే పెట్రోలు చేరినట్టు. చప్పుడు లేకపోయినా ఊరుకోకు. పొయ్యికి దూరంగా గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి అందులో ముంచి పట్టుకుంటే, అతుకు దగ్గర ఆవగింజంత బుడగలు వరసగా లేస్తాయి. చిల్లు అక్కడే. దాన్ని నువ్వు టంకం పెట్టకు. లోపల ఆవిరి మిగిలి ఉంటే వేడి తగలగానే పేలుతుంది. నాకు పంపు, నేను చూసుకుంటాను.

లోపల బూడిదరంగు పొడి కనిపిస్తే పొడిగా గీకకు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 దాకా అమ్మారు, అది ఆ సీసమే కావచ్చు. తడిపి తుడువు, చేతి తొడుగులు వేసుకో. పాత బ్రేకు లైనింగుల దుమ్ము ఊదకు, రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది. మిలిటరీ బండి డాష్‌బోర్డు మీటర్లలో అంకెలు గోధుమరంగుకి తిరిగి ఉంటే అద్దం తీయకు, రేడియం రంగు పూసి ఉండొచ్చు. ఏమిటో తెలియని బరువైన మిషను ముక్కని, ముఖ్యంగా ల్యాబుల్లోంచి వచ్చినదాన్ని, తుక్కులో ముట్టుకోకు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న యంత్రాన్ని తెలియక విప్పితే ఒక మనిషి చనిపోయాడు. అవన్నీ నీకు దూరమనుకోకు. నువ్వు తిరిగే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో ఏ మూటలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

వచ్చే ఆదివారం రా. మీ నాన్నతో నేను మాట్లాడతాను. మా షెడ్డులో పైన పెట్టెలో యాభై ఏళ్ళుగా ఏరిపెట్టిన బిళ్ళలున్నాయి, జెట్ల నంబర్లు రాసుకున్న పుస్తకం ఉంది. రెండూ నీవే. ఆ నల్లటి కార్బొరేటర్ కడక్కుండా తీసుకురా, ఇద్దరం కలిసి విప్పుదాం. గిన్నెలో పెట్రోలు మాత్రం చుక్క లేకుండా ముందురోజే బయట వంపేసి, ఆరబెట్టి, అప్పుడు సంచిలో పెట్టు. బస్సులో ఇంకో నలభై మంది ఉంటారు.

మీ
పెదనాన్న