టెక్ సందేహాలు: రోజువారీ ఇటాలియన్‌కు అనువాద యాప్ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి పై చదువుకు మిలాన్ వెళుతోంది. రెండు నెలల గడువుంది. దుకాణంలోనూ, ఇంటి యజమానురాలితోనూ మాట్లాడేందుకు కావలసిన ఇటాలియన్‌ను ఫోన్‌లోనే నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా నేర్చుకోవచ్చు, కానీ అనువాద యాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, ఇటాలియన్ భాషలను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే, టైపు చేసిన వాక్యాలకు నెట్ లేకపోయినా అనువాదం వస్తుంది. చిక్కంతా మర్యాద దగ్గరే. మన 'మీరు', 'నువ్వు' తేడా ఇటాలియన్‌లో 'లేయ్', 'తూ'లుగా ఉంది. యాప్‌లో అది జారిపోవచ్చు. 'మీరెలా ఉన్నారు' అన్నదానికి స్నేహితుల మధ్య వాడే 'కోమె స్తాయ్' వస్తే, యజమానురాలిని అలా అడగకూడదు; 'కోమె స్తా' అనాలి. క్షమించండి అంటే 'స్కూజి', క్షమించు అంటే 'స్కూజ'. పలకరింపుగా వాడే 'చావ్' చనువున్నవారికే పరిమితం. దుకాణంలో అడుగుపెడుతూ 'బువొన్‌జోర్నో' (నమస్కారం) అనడం పద్ధతి. ఒకరి ఇంట్లోకి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర 'పెర్మెస్సో' అంటారు. మనం 'లోపలికి రావచ్చా' అన్నట్లే. ఇక 'ప్రేగో' అనే ఒక్క మాట, ధన్యవాదాలకు జవాబుగానూ, 'ముందు మీరు వెళ్లండి' అనేందుకూ, 'చెప్పండి, ఏం కావాలి' అని దుకాణదారు అడిగేందుకూ పనికివస్తుంది కనుక, దాన్ని సందర్భంతోనే నేర్చుకోవాలి.

అందుకే కార్డులతో మాటలను గుర్తుపెట్టుకునే ఆంకీడ్రాయిడ్ అనే యాప్‌ను సూచిస్తున్నాను. ఇది ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం. కార్డుకు ఒకవైపు సందర్భాన్ని, రెండోవైపు ఇటాలియన్ మాటను రాసి, ఉచ్చారణను రికార్డు చేసి జతపరచవచ్చు; మరచిపోతున్న కార్డులను అది తరచుగా, గుర్తున్నవాటిని ఎక్కువ ఎడంతో చూపిస్తుంది. ఇటాలియన్ స్పెల్లింగ్‌తో పాటు తెలుగు లిపిలోనూ రాసుకోమనండి. 'కల', 'కల్ల' వేరైనట్లే అక్కడ 'పేన' అంటే బాధ, 'పెన్న' అంటే కలం. ఈ ఒత్తును మన లిపి స్పష్టంగా పట్టి ఇస్తుంది. 'గ్రాత్సియె' (ధన్యవాదాలు)లోని 'త్స' మనం 'చాప' అన్నప్పుడు పలికే మొదటి ధ్వనికి చాలా దగ్గర. ఈ వెసులుబాటు తెలుగువారికి నిజంగా పెద్ద అండ.

రోజుకు ఎనిమిది, పది కొత్త కార్డులు చాలు. కార్డు తిప్పే ముందు జవాబును పైకి పలకడం మాత్రం మానకూడదు. ఐఫోన్‌లో ఇదే తరహా ఆంకీ యాప్‌కు డబ్బు చెల్లించాలి. కంప్యూటర్‌లో ఉచితంగానే వాడుకోవచ్చు.