అడవి ఉర్లగడ్డతో కణాలు కలిపితే మన చేనుకు ఏమొస్తుంది?

ప్రశ్న: సార్, మాది చింతామణి దగ్గర పల్లె. నేను కె.ఆర్.పురంలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను, నాన్న ఇప్పటికీ ఎకరంన్నరలో ఉర్లగడ్డ వేస్తారు. పోయినేడు మంచు పట్టి నాలుగు రోజుల్లో చేను మొత్తం మాడిపోయింది. సిమ్లాలో అడవి ఉర్లగడ్డ కణాలను మన ఉర్లగడ్డ కణాలతో కలిపి తెగులు తట్టుకునే రకం చేస్తున్నారని జీకేవీకే (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) కృషి మేళాలో ఎవరో చెప్పారట. ఆ విత్తనం ఎప్పుడు దొరుకుతుంది? పుప్పొడి అద్ది మామూలుగా క్రాస్ చేయొచ్చు కదా? ఇది జీఎం (జన్యుమార్పిడి) పంటేనా, తినొచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నాన్నగారు ఆశ పెట్టుకుని ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తాను, అలాంటి విత్తనం ఇప్పుడప్పుడే ఆయన చేతికి రాదు. కణాలు కలిపి తీసిన మొక్క విత్తనం కాదు, విత్తనానికి తల్లి కాగల మొక్క.

మీరు చెప్పినదాన్ని బట్టి అది లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులే అయి ఉంటుంది. పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే నీళ్లలో నానినట్టున్న మచ్చ, దాని చుట్టూ తెల్లటి నూగు, రెండ్రోజులకు గట్టు మీద నిలబడితేనే కుళ్లు వాసన. 1845లో ఐర్లండ్‌లో కరువు మొదలైంది ఈ తెగులుతోనే, సుమారు పది లక్షల మంది పోయారు.

మెక్సికోలో ఈ తెగులు మధ్యే పుట్టి పెరిగి, దాన్ని తట్టుకోవడం నేర్చిన అడవి జాతులున్నాయి, సొలానమ్ బల్బోకాస్టానమ్, సొలానమ్ పిన్నాటిసెక్టమ్ అలాంటివే. చిక్కేమిటంటే మన ఉర్లగడ్డలో 48 క్రోమోజోములు, వాటిలో 24. పుప్పొడి అద్దినా గింజలో పిండానికి తిండి పెట్టే భాగం సరిగా ఎదగదు, గింజ తాలైపోతుంది. అందుకే ఈ తంటా.

ముందు మన రకం నుంచి 24 క్రోమోజోములే ఉన్న మొక్కను తీస్తారు. ల్యాబ్‌లో పెంచిన ఆ మొక్క ఆకులను, అడవి మొక్క లేత ఆకులను సన్నగా తరిగి ఎంజైములు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచితే కణాల గోడలు కరిగిపోతాయి. గోడ పోయిన కణం గుండ్రంగా అవుతుంది, మైక్రోస్కోపులో చూస్తే లోపల పచ్చటి చుక్కలున్న నానిన సగ్గుబియ్యం గింజలాగే ఉంటుంది. ఇక్కడే బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు కన్ను తీయలేకపోయాను. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం వేసినా, సన్నటి కరెంటు షాక్ ఇచ్చినా పక్కపక్కనున్న రెండు కణాలు అతుక్కుని ఒకటైపోతాయి. 24, 24 కలిస్తే 48, అంటే ఆ కణం నుంచి పెంచిన మొక్కను మన మామూలు రకాలతో క్రాస్ చేయడానికి దారి దొరికినట్టే. సిమ్లాలోని కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థవాళ్లు సి-13 అనే 24 క్రోమోజోముల మొక్కను పిన్నాటిసెక్టమ్‌తో ఇలాగే కలిపారు.

అయితే అడవి మొక్క నుంచి మంచొక్కటే రాదు కదా, గోలీకాయలంత దుంపలు, చేదు, అన్నీ వెంటబడి వస్తాయి. వాటిని వదిలించడానికి తరం తర్వాత తరం మంచి రకాలతో మళ్లీ మళ్లీ క్రాస్ చేసి, ప్రతిసారీ తెగులుకు నిలిచిన మొక్కలనే ఏరాలి, ఆ తర్వాత వేర్వేరు చోట్ల పొలాల్లో వేసి చూడాలి. పదేళ్లు దాటినా ఆశ్చర్యపోవద్దు. ఆ శ్రమ వృథా కాదని మాత్రం గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే బల్బోకాస్టానమ్‌లో తెగులును అడ్డుకునే జన్యువును 2003లో విడదీయగలిగారంటే, అంతకుముందు అమెరికాలోని విస్కాన్సిన్‌లో కణాలు కలిపి తీసిన మొక్కలే దానికి దారి చూపించాయి.

జీఎం సంగతికొస్తే, ఇందులో బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టేదేమీ లేదు, రెండూ ఉర్లగడ్డ కుటుంబమే. ఐరోపా చట్టం ఇలాంటి దగ్గరి జాతుల కలయికను కొన్ని షరతులతో మినహాయించింది. మన దేశపు 1989 నిబంధనలు మాత్రం జన్యు సాంకేతికత కింద కణ సంకరణాన్నీ చేర్చాయి. తినడం గురించైతే చూడాల్సింది చేదును. పచ్చబడ్డ ఉర్లగడ్డలో ఉండే గ్లైకోఆల్కలాయిడ్లు అనే విషపదార్థాలే ఆ చేదుకు కారణం, అవి వంద గ్రాముల దుంపలో 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పాటించే హద్దు, ఆ పరీక్షలో నిలవనిదాన్ని రకంగా బయటికి వదలకూడదు.

ఈలోగా నాన్నగారిని మబ్బు, మంచు పట్టే రోజుల్లో మచ్చ కనబడేదాకా ఆగకుండా ముందే మాంకోజెబ్ అనే తెగులు మందు కొట్టమనండి. జలంధర్ విత్తనం మూటలు దిగగానే నాలుగు గడ్డలు కోసి చూడమనండి, తొక్క కింద ఇటుక రంగు మచ్చ కనిపిస్తే ఆ లాటు తీసుకోవద్దు.