ఆ లాడ్జి ఎవరి మీద బతుకుతోంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
(బ్యాంకు తనిఖీ ఉద్యోగంలో రాయలసీమ ఊళ్ళన్నీ తిరిగి, పదవీ విరమణ తరువాత కర్నూలులో స్థిరపడిన మా శీర్షిక రచయిత్రి ఈసారి బసల గురించి వచ్చిన ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: గుంటూరు నుంచి కారులో ఆరుగురం బయలుదేరుతున్నాం. మా అత్తగారు, మామగారు డెబ్బై దాటినవాళ్ళు. శుక్రవారం రాత్రికి వచ్చి, శని ఆదివారాల్లో మంత్రాలయం, యాగంటి, మహానంది చూడాలని అనుకుంటున్నాం. మంత్రాలయంలో ఆ రోజుల్లో గదులు దొరకడం లేదు. దొరికినవాటి అద్దె మేము పెట్టుకోగలిగింది కాదు. కర్నూలులో దిగితే తగ్గుతుందా? తెలియని ఊళ్ళో మంచి హోటల్‌ను ఎలా గుర్తుపట్టాలి?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: తగ్గుతుందమ్మా. అయితే ఎందుకు తగ్గుతుందో తెలిస్తే, ఎప్పుడు తగ్గదో కూడా తెలుస్తుంది. కొత్త ఊళ్ళో గది కోసం వెతికేటప్పుడు నేను ముందుగా ఆరా తీసేది ఒకటే: ఈ లాడ్జి ఎవరి మీద బతుకుతోంది?

పుణ్యక్షేత్రంలో ప్రైవేటు లాడ్జి యాత్రికుల మీద బతుకుతుంది. ఈరోజు వచ్చిన కుటుంబం మళ్ళీ ఏ సంవత్సరం వస్తుందో యజమానికి తెలియదు, వాళ్ళ మెప్పుతో ఆయనకు పని లేదు. మంత్రాలయానికి గురువారాలు, శని ఆదివారాలు, శ్రావణంలో ఆరాధన రోజులు వస్తే చాలు, చెప్పిందే ధర. (మఠంవారి వసతి గృహాల సంగతి వేరు. అక్కడ దొరికితే ఈ ఉత్తరమే అక్కర్లేదు.) కర్నూలు లాడ్జీలకు ఆ వైభోగం లేదు. ఇక్కడ దిగేది మందుల కంపెనీల ప్రతినిధులు, విత్తనాల వ్యాపారులు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్ళు, పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి రాత్రికి చోటు వెతుక్కునేవాళ్ళు, నాలాంటి తనిఖీ ఉద్యోగులు. వీళ్ళలో చాలామంది నెలనెలా వస్తారు. దుప్పటి మాసి ఉంటే వచ్చే నెల పక్క వీధిలో దిగుతారు, తోటివాళ్ళందరికీ చెబుతారు కూడా. మెడికల్ రెప్‌ల నోటికి భయపడినంతగా లాడ్జి మేనేజరు తన యజమానికి కూడా భయపడడు.

పైగా వీళ్ళ పనంతా సోమవారం నుంచి శుక్రవారం దాకా. శనివారం మధ్యాహ్నానికి సంచులు సర్దుకుని ఇళ్ళకు పోతారు. క్షేత్రంలో అద్దె పెరిగే రోజునే ఇక్కడ గదులు ఖాళీ అవుతాయి. కాబట్టి ఫోనులో “గది ఎంత?” అని అడగకండి, “శనివారం రాత్రికి మూడు గదులు తీసుకుంటే ఎంతకు ఇస్తారు?” అని అడగండి. తగ్గింపు తమంతట తాము చెప్పేవాళ్ళు అరుదు, అడిగితే కాదనేవాళ్ళూ అరుదే.

ఈ లెక్క తప్పేది ముహూర్తాలప్పుడు. పెళ్ళివారు లాడ్జిలో రెండు అంతస్తులు ఒక్కసారిగా తీసుకుంటారు. కింద హాలు ఉంటే రాత్రి పన్నెండు దాకా బ్యాండు, తెల్లవారుజామున నాలుగుకు సన్నాయి. మీ మామగారి నిద్ర ఇక దేవుడికే ఎరుక. ప్రయాణం తేదీ ఖాయం చేసుకునే ముందు పంచాంగం తిరగేయండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అయితే దిగులు లేదు. మాఘమో వైశాఖమో అయితే మాత్రం “ఆ రోజు మీ హాలులో పెళ్ళి ఉందా?” అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి. పెద్ద పోటీ పరీక్షలు ఉన్న ఆదివారాలు కూడా ఇంతే, కాకపోతే పరీక్ష రాసేవాళ్ళు బ్యాండు వాయించరు.

ఇప్పుడు మా ఊరివాళ్ళకు నచ్చని మాట ఒకటి చెబుతాను. మీ దారికి రెండు రాత్రులూ కర్నూలులోనే ఉండటం పనికిరాదు. మహానంది తూర్పున, మంత్రాలయం పడమర. గుంటూరు నుంచి వినుకొండ, గిద్దలూరు మీదుగా వస్తే ముందు తగిలేది నంద్యాల. శుక్రవారం రాత్రి అక్కడే ఆగండి. అదీ బియ్యం, విత్తనాల వ్యాపారం మీద నడిచే ఊరే, 2022 నుంచి జిల్లా కేంద్రం కూడా. మహానంది అక్కడికి చాలా దగ్గర. శనివారం ఉదయం మహానంది, తరువాత బనగానపల్లె దగ్గర యాగంటి చూసుకుని సాయంత్రానికి కర్నూలు చేరండి. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరితే ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం రెండు, రెండున్నర గంటలు. వెళ్ళేది మంత్రాలయం ఒక్కదానికే అయితే కర్నూలు దాకా కూడా రావద్దని చెప్పేదాన్ని. ఆదోని ఉంది కదా, పత్తి వ్యాపారుల లాడ్జీలతో.

కర్నూలులో ఎక్కడ దిగాలి అంటే, బస్టాండు ఎదురుగా మాత్రం వద్దు. కారు ఉన్నవాళ్ళకు బస్టాండు దగ్గర ఉండి ప్రయోజనం లేదు, హారన్ల మోతకు అద్దె కట్టడం తప్ప. తెల్లవారి పడమటి దారి పట్టాలి కనుక బళ్ళారి చౌరస్తా వైపు చూడండి. అదే తూర్పుకు వెళ్ళేవాళ్ళయితే నంద్యాల చెక్‌పోస్టు వైపు చూడమనేదాన్ని. కొండారెడ్డి బురుజు కిటికీలోంచి కనిపిస్తుందని ఎవరైనా ఎక్కువ అడిగితే నవ్వి ఊరుకోండి. బురుజు చూడటానికి గది అద్దె ఎందుకు, నడిచి వెళితే సరి. బస దొరకని బాధ మా ఊరికి కొత్త కాదులెండి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఇక్కడ సర్కారు కార్యాలయాలే గుడారాల్లో నడిచాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు ఆ కాలానివే.

పెద్దవాళ్ళున్నారు కాబట్టి లిఫ్టు గురించి గట్టిగా అడగండి. “ఉంది” అంటే చాలదు, “పనిచేస్తోందా, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా” అని అడగండి. జనరేటరు ఉందని చెప్పే చాలా చోట్ల అది దీపానికి, ఫ్యానుకే. ఏసీ ఆగిపోతుంది. వేసవిలో మా ఊరి ఎండ నలభై డిగ్రీలు దాటాక ఆ తేడా మీకే తెలుస్తుంది. అదే కారణంగా పై అంతస్తు గది ఇస్తే తీసుకోకండి, పగలంతా కాలిన స్లాబు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. గాలి వస్తుందని, నిశ్శబ్దంగా ఉంటుందని మేనేజరు ఊరిస్తాడు. నిజమే, డిసెంబరులో.

వేడినీళ్ళు ఇంకో మాయ. “ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు” అని బోర్డు మీద ఉంటుంది, తీరా చూస్తే పైన ఉన్న సోలారు తొట్టినుంచి ఉదయం ఆరు దాటాకే వదులుతారు. మీరు నాలుగున్నరకు స్నానాలు చేసి దర్శనానికి బయలుదేరేవాళ్ళు. గదిలో గీజరు ఉందా అన్నదే అడగండి. మామగారు కింద కూర్చోలేకపోతే బాత్‌రూమ్ ఎలాంటిదో కూడా మొహమాటం లేకుండా అడగాలి.

డబ్బు సంగతి. అద్దె పన్నుతో కలిపి చెప్పించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి, రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 1,800 రూపాయల గదికి ఇదివరకు 216 రూపాయల పన్ను పడేది, ఇప్పుడు 90. కొన్ని కౌంటర్లలో ఆ పాత లెక్కే ఇంకా నోట్లో ఆడుతుంటుంది, బిల్లు చూసి కట్టండి. తరువాత చెక్‌అవుట్ పద్ధతి. 24 గంటల పద్ధతి అయితే రాత్రి ఏడుకు దిగి మర్నాడు రాత్రి ఏడుదాకా ఉండవచ్చు. మధ్యాహ్నం 12 గంటల పద్ధతి అయితే అదే అద్దెకు మీకు దక్కేది పదిహేడు గంటలు. ఆదివారం మంత్రాలయం వెళ్ళివచ్చి సాయంత్రం కాళ్ళు చాపుకుని, రాత్రికి గుంటూరు బయలుదేరాలంటే మొదటి పద్ధతి ఉన్న చోటే దిగాలి. గది రెండు వందలు ఎక్కువైనా అదే చవక.

“ఉదయం ఫలహారం ఉచితం” అన్న మాటకు అద్దె పెంచుతారు. మీరు లేచి వెళ్ళేసరికి వాళ్ళ వంటగది తలుపు కూడా తెరవరు. వద్దని చెప్పి ఆ మేర తగ్గించమనండి. ఇక్కడికి వచ్చి బ్రెడ్డు ముక్కలు తినడం ఎందుకు, వీధి చివర ఉగ్గాని, బజ్జీ ఉండగా?

ప్రశ్న: అనంతపురంలో యూనివర్సిటీ ఇంటర్వ్యూకు వెళుతున్నాను. ఒక్కదాన్నే. ముందురోజు రాత్రి అక్కడ ఉండాలి. ఇంట్లో భయపడుతున్నారు, పెద్ద హోటల్‌కు అంత డబ్బు లేదు. మీ కూతురి వయసుదాన్ని, ఎలాంటి చోటు చూసుకోవాలో చెప్పండి మేడమ్.
— ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఏ యూనివర్సిటీయో పిలుపు ఉత్తరంలో మళ్ళీ చూసుకో అమ్మాయీ. జేఎన్‌టీయూ ఊళ్ళోనే ఉంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఊరు దాటాక జాతీయ రహదారి మీద ఉంది. ఈ రెండూ కాక కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒకటి. “యూనివర్సిటీ దగ్గర” అని గది తీసుకుని పొద్దున్నే మరో యూనివర్సిటీకి ఆటోలో పరుగెత్తినవాళ్ళు ఉన్నారు.

ఊరి బయట రహదారి పక్కన కొత్తగా కట్టిన హోటళ్ళు అదే అద్దెకు పెద్ద గదులిస్తాయి. నువ్వు వాటి జోలికి పోకు. అవి కార్లవాళ్ళ కోసం. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లకు గది వెడల్పుకంటే వీధి ముఖ్యం. టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్ పరిసరాల్లో రాత్రి పొద్దుపోయేదాకా మందుల దుకాణాలు, టిఫిన్ హోటళ్ళు తెరిచి ఉండే వీధిలో చూసుకో. గది చిన్నదైనా పరవాలేదు. చీకటి పడకముందే చేరే రైలు పట్టుకో. రాత్రి పదకొండుకు దిగి లాడ్జి వెతికే పని అసలే పెట్టుకోవద్దు.

నేనూ ఉద్యోగమంతా లాడ్జీల్లో ఒక్కదాన్నే ఉన్నాను. గదిలోకి వెళ్ళగానే పరుపు కాదు, గడియ చూడాలి. ఒక ఊళ్ళో, బాగా పేరున్న చోటే, లోపలి గడియకు ఉండాల్సిన నాలుగు మరల్లో రెండే ఉన్నాయి. మేనేజరును పిలిచి చూపిస్తే “ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్” అన్నాడు. స్ట్రాంగ్‌రూమ్ తాళాలు చూసి చూసి వచ్చిన కన్ను నాది. మరలు తెప్పించి బిగించేదాకా రిజిస్టరులో సంతకం పెట్టలేదు. అతనికి కోపం వచ్చింది, రానీ. పక్క గదిలోకి తలుపు ఉందేమో, బాత్‌రూమ్ కిటికీ వరండాలోకి తెరుచుకుంటుందేమో కూడా చూసుకో. లిఫ్టుకో మెట్లకో దగ్గరి గది అడుగు, వరండా చివరిది వద్దు. కౌంటరు దగ్గర పదిమంది ఉన్నప్పుడు గది నంబరు పైకి చదివితే వేరే గది ఇవ్వమని అడిగే హక్కు నీకుంది.

ఆధార్ జిరాక్సు అడుగుతారు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది, ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. అది ముద్రించుకుని తీసుకెళ్ళు. సాయంత్రం వేళ కౌంటరులో ఆడమనిషి ఉండే చోటు దొరికితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకో. ఇంట్లోవాళ్ళకు లాడ్జి ఫోను నంబరు, గది నంబరు పంపించు. వాళ్ళు ఒకసారి కౌంటరుకు ఫోను చేసి నిన్ను పిలవమంటే, నీ వెనక మనుషులున్నారని అక్కడివాళ్ళకు తెలుస్తుంది.

ప్రశ్న: యాప్‌లో బుక్ చేస్తే చవకా, నేరుగా లాడ్జికి ఫోను చేస్తే చవకా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: యాప్‌లో ధర చూడండి, ఫోను లాడ్జికి చేయండి. యాప్‌కు ఇవ్వాల్సిన కమీషను మిగులుతుంది కనుక అందులో కొంత మీకు తగ్గించడానికి చిన్న ఊళ్ళ యజమానులు సుముఖంగానే ఉంటారు. వాళ్ళు ఒప్పుకోకపోతే యాప్ ఎలాగూ ఉంది. ఫొటోలు మాత్రం హోటల్ ప్రారంభించిన రోజువి అనుకోండి. ఈమధ్య దిగినవాళ్ళు రాసిన వాటిలో తిట్లు ముందు చదవండి. “సిబ్బంది పలకలేదు” లాంటివి వదిలేయవచ్చు, నల్లులు, మురుగు వాసన, నీళ్ళు అన్న మాటలు రెండుసార్లు కనిపిస్తే వేరే చోటు చూసుకోండి.

ప్రశ్న: గండికోట చూడటానికి కడపలో దిగడం మంచిదా, అక్కడే ఉండటం మంచిదా?
— ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: పెన్నా లోయ అంచున సూర్యోదయం చూసి తీరాలంటే కోట దగ్గర పర్యాటక శాఖవారి బస ఉంది, ముందుగా బుక్ చేసుకోండి. లేకపోతే జమ్మలమడుగు దగ్గర, పదిహేను కిలోమీటర్లు. అయితే గదుల్లో ఎంచుకునేందుకు అక్కడ అంత వీలుండదు. కడప చాలా దూరం. ఒంటిమిట్ట, దేవుని కడప, పెద్ద దర్గా కూడా చూసేవాళ్ళకే అది లాభం. వాళ్ళయినా ఏడు రోడ్ల కూడలికి అటూఇటూ చూసుకోవాలి, అదీ దర్గా ఉరుసు రోజులు, చైత్ర పౌర్ణమి దగ్గర ఒంటిమిట్ట కల్యాణం రోజులు తప్పించి. కారుంటే నా ఓటు ప్రొద్దుటూరుకు. బంగారం వ్యాపారులు సంచులతో వచ్చి దిగే ఊరది, అక్కడి లాడ్జీలవాళ్ళకు గడియల గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు.