పురుగుమందు కొట్టేది నువ్వు కాకపోయినా

బుజ్జీ,

ఉద్యోగాలు మానేసి మీరిద్దరూ కూరగాయల సాగుకి దిగుతున్నారని, ఈ ఏడాదే బిడ్డని కూడా అనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. సంబరపడ్డాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. రెండూ ఒకేసారి ఎందుకే అని నాలుగు చీవాట్లు పెట్టాలనిపించింది. పెట్టినా వినవుగా, అందుకే రాస్తున్నాను.

సాగంటే పురుగుమందులు, కలుపుమందులు తప్పవు. వాటి మామూలు జాగ్రత్తలు డబ్బా లేబుల్ మీదే ఉంటాయి, చదువుకో. నైట్రైల్ తొడుగులు మందంగా, లోపల గుడ్డ లేనివి తీసుకో. గుడ్డ మందుని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుంటుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. మందుని మంచినీళ్ల సీసాలో పోసి పెట్టొద్దు.

ఇక ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న తప్పు. "మందు కొట్టేది ఆయన, నాకేమవుతుంది?" అనుకోవడం. పొలంలో మందు ఎక్కువగా ఒంట్లోకి వెళ్లేది ముక్కులోంచి కాదు, చర్మంలోంచి. కొట్టినతను గంటలో పని ముగించుకుని వెళ్లిపోతాడు. మర్నాడు అదే చేలో కలుపు తీసేవాళ్లు, కాయలు కోసేవాళ్లు రోజంతా ఆకులకి చేతులు రాసుకుంటూ తిరుగుతారు. పైకి ఆరినట్టు కనిపించినా మందు పొడిలా ఆకు మీదే ఉంటుంది, చెమట పట్టిన చర్మంలోకి ఇంకా తేలిగ్గా దిగుతుంది. అందుకే ఆకు ఆరిందా అని చూడకు, గంటలు చూడు. మళ్లీ చేలోకి ఎప్పుడు అడుగుపెట్టవచ్చో లేబుల్ మీద ఉంటుంది: 12 అనో, 24 అనో, 48 అనో. నువ్వు లోపలికి వెళ్లబోయే ముందు ఎప్పుడు కొట్టారో అడుగు. అడిగితే అతను చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకోకు.

తర్వాత బట్టలు. నా భయమంతా వీటి మీదే. మందు కొట్టొచ్చి మీ ఆయన విప్పిన చొక్కా, ప్యాంటు ఇంటి బట్టల బుట్టలో పడకూడదు. జేబులు, మడతలు బయటే దులపాలి, చెప్పులు బయటే వదలాలి, స్నానం చేశాకే నీ దగ్గరికి రావాలి. ఉతకడం ఆ రోజే, విడిగా, తొడుగులు వేసుకుని. ముందు నీళ్లలో జాడించి, తర్వాత వేడినీళ్లతో, సబ్బు ఎక్కువ వేసి, ఒకసారికి రెండు మూడు బట్టలే, రెండుసార్లు ఉతకాలి. మెషీన్ అయితే తర్వాత ఒకసారి ఖాళీగా తిప్పాలి. బయట ఎండలో ఆరేయాలి. నీళ్లు కలపని చిక్కటి మందు ఒలికి నానిన బట్టని ఉతకొద్దు, పారేయాలి. ఇదంతా నిన్ను చేయమని కాదే తల్లీ. అతని బట్టలు అతన్నే ఉతుక్కోమను. నువ్వు అడ్డు చెప్పకు, చాలు.

"పరీక్షలో రెండు గీతలు కనిపించాక జాగ్రత్త పడతాను" అంటావు, నాకు తెలుసు. అప్పటికి ఆలస్యం. అండం చివరి ఎదుగుదలకి దాదాపు 3 నెలలు పడుతుంది, వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు. పిండంలో తర్వాత మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28వ రోజుకల్లా. అప్పటికి నువ్వు నెల తప్పి రెండు వారాలు అయి ఉంటుంది, అంతే. కెనడాలో ఒంటారియో రైతు కుటుంబాల మీద 2001లో వెలువడిన పరిశోధనలో, గర్భానికి ముందు మూడు నెలల్లో కొన్ని కలుపుమందులు సోకడానికీ తొలి 12 వారాల గర్భస్రావాలకీ సంబంధం కనబడింది. సంబంధమే, కారణమని తేల్చింది కాదు. అయినా నాకది చాలు. ప్రయత్నం మొదలుపెట్టడానికి 3 నెలల ముందే మీ ఇద్దరూ మందు కలపడం, కొట్టడం ఆపండి. కుదరదంటే ఆ కాలానికి మందు అక్కర్లేని పంట ఎంచుకోండి.

అన్ని మందులూ ఒకే దారిన పనిచేయవు. డీడీటీ లాంటి పాత పురుగుమందులు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ వేషం వేస్తాయి, విన్‌క్లోజోలిన్ అనే శిలీంధ్రనాశిని పురుష హార్మోన్లని అడ్డుకుంటుంది. ఆర్గానోఫాస్ఫేట్లు అనే రకం పురుగుమందులు, నరాల సంకేతాలని సమయానికి ఆపే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని పడగొడతాయి. ఈ చివరి రకం వాడబోతున్నారా, గర్భానికి ముందే ఎర్ర రక్తకణాల కోలినెస్టరేజ్ పరీక్ష చేయించుకుని ఆ అంకె రాసిపెట్టుకో. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, చేసే పరీక్షని నమ్ముకోకు. గర్భం వస్తే ప్లాస్మా అంకె దానంతటదే తగ్గుతుంది, మందు తగ్గించిందో గర్భం తగ్గించిందో చెప్పలేరు. తర్వాత ఎర్ర కణాల అంకె మొదటిదాంట్లో 80 శాతం కంటే దిగితే పనితీరు వెంటనే మార్చాలి.

మందు సోకాక కళ్లలో నీళ్లు, నోట్లో చొంగ, వాంతులు, కండరాలు అదరడం కనిపిస్తే బట్టలు విప్పేసి, ఒంటిని సబ్బునీళ్లతో కడిగి, లేబుల్ చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు.

ఇంకొకటి, ఎప్పుడైనా గర్భం నిలవకపోతే నిన్ను నువ్వు తిట్టుకోకు. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం క్రోమోజోమ్‌ల తేడా వల్లే పోతాయి. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా.

ఈ ఉత్తరం అతని చేత చదివించు. బట్టల సంగతి రెండుసార్లు. మందు బట్టలు వేసే బకెట్టు ఇప్పుడు మీ స్నానాలగదిలోనే ఉందని మీ అమ్మ చెప్పింది, ఈ వారమే బయట పెట్టించు.

నీ పెద్దమ్మ