మీటినదేదో తెలియాలి: ఒక యువ రచయిత్రికి లేఖ

బాపట్ల

ప్రియమైన అమ్మాయికి,

నీ మూడు వ్యాసాలు, వాటికి జతచేసిన ఉత్తరం నాకు అంది మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యం కావడానికి నా కంటికి జరిగిన శుక్లం ఆపరేషన్ సగం కారణమైతే, మొదటి వ్యాసం చదివినప్పుడు కలిగిన చిరాకు మిగతా సగం. చిరాకులో ఉండగా కొత్తగా రాసేవాళ్లకు ఉత్తరం రాయకూడదన్నది నా నియమం. నా ఇరవైమూడో ఏట ఒక సంపాదకుడు అలాంటి చిరాకులోనే నాకు రాసిన కార్డుముక్క ఇప్పటికీ నా బైబిలులో యోబు గ్రంథం దగ్గర ఉంది. నువ్వు నన్ను ‘దైవజనులు’ అని సంబోధించావు. నేను రెండేళ్లు సెమినరీలో హెబ్రీ, గ్రీకు చదివి, పాస్టరును కాలేక బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్లు ఆదివారం ఆరాధనలో హార్మోనియం వాయించినవాణ్ణి. ‘మాస్టారు’ చాలు. నీ వయసు ఇరవై ఆరని రాశావు కనుక నేను నిన్ను నువ్వనే అంటాను.

చిరాకు సంగతి ముందు తేల్చేస్తాను. మొదటి వ్యాసంలో నాలుగు పేజీలకు ముప్పై ఒక్క హెబ్రీ మాటలున్నాయి. పెన్సిలుతో గీత గీసుకుంటూ లెక్కపెట్టాను. వాటి మధ్యలో, బైబిలులోని దావీదు రాజు చేతిలో ఉన్న వాద్యం మన గిటారుకు తాత అని, అందుచేత గుంటూరు బ్రాడీపేటలోని మేడమీది గదిలో పిల్లలకు గిటారు మీద కార్డులు, అంటే ఒకేసారి మీటే స్వరాల కూర్పులు, నేర్పుతున్నప్పుడు నువ్వు దావీదు వారసత్వంలోనే ఉన్నావని రాశావు. దావీదు వాయించినది కిన్నోర్. మన తెలుగు బైబిలు దాన్ని సితారా అంది. దానికి ఒక పెట్టె, రెండు చేతులు, అడ్డంగా ఒక కర్ర, వాటి మధ్య తీగలు ఉంటాయే తప్ప, ఎడమచేత్తో తీగను నొక్కి స్వరం మార్చడానికి మెడా లేదు, దాని మీద మెట్లలా ఉండే ఫ్రెట్లూ లేవు. గిటారు అన్న మాటకు మూలం కిథారా అనే గ్రీకు మాట. పాత నిబంధన మూలంలో ఆ మాట ఎక్కడ దొరుకుతుందో తెలుసా? దానియేలు గ్రంథం మూడో అధ్యాయంలో, అరామిక్ భాషలో కొద్దిగా రూపు మార్చుకుని, దూరా మైదానంలో నెబుకద్నెజరు నిలబెట్టిన బంగారు ప్రతిమ ముందు జనం సాగిలపడవలసిన సమయానికి మోగే వాద్యాల జాబితాలో దొరుకుతుంది. నీ వాద్యం పేరుకు పూర్వీకుణ్ణి వెతుక్కుంటూ వెళ్తే విగ్రహం ముందుకు చేరతావు. ఇది నిన్ను వెక్కిరించడానికి రాయడం లేదు. ఎవరైనా ఇష్టంగా చదివే ముచ్చట ఇది, చేతిలో ఉన్నా దీన్ని వదిలేసి దావీదు వారసత్వాన్ని పట్టుకున్నావే అని నా బాధ.

అదే కిథారా కొత్త నిబంధనలోనూ ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయం ఏడో వచనంలో, వీణ అన్నచోట గ్రీకులో ఉన్నది అదే: “స్వరములలో భేదము కలుగజేయనియెడల ఊదినదేదో మీటినదేదో యేలాగు తెలియును?” ఎవరికీ అర్థంకాని భాషలో సంఘం ముందు మాట్లాడేవాళ్లను ఉద్దేశించి పౌలు అడిగిన ప్రశ్న అది. ముప్పై ఒక్క హెబ్రీ మాటల వ్యాసాన్ని నా ముందు పెట్టుకుని నేను అడుగుతున్నదీ అదే.

నా పట్టుదల ఒకటుంది, దీని మీద నాతో గొడవపడి నెగ్గినవాళ్లు లేరని కాదు గాని, నేను మాత్రం మారలేదు. మూలభాష నుంచి నువ్వు తెలుసుకున్నది తెలుగులో చెప్పలేకపోతే అది నువ్వింకా తెలుసుకోలేదు. ఆ హెబ్రీ మాటను తెలుగు అక్షరాల్లో రాసి కొటేషన్ల మధ్య నిలబెట్టడం, కార్డు పట్టుకోవడం రానివాడు గిటారును భుజాన తగిలించుకుని ఫోటో దిగడం లాంటిది. నేర్చుకున్న చెయ్యి ఎలా ఉంటుందో నీకే బాగా తెలుసు, ఎందుకంటే రెండో వ్యాసంలో రాశావు: మొదటి నెల పిల్లల వేళ్ల కొసలమీద తీగ గీతలు ఎర్రగా పడతాయని, మూడో నెలకు ఆ చోట చర్మం గట్టిపడుతుందని, ఆ తర్వాత ఎవరూ వేళ్లు చూసుకోరని. హెబ్రీ కూడా నీ వేళ్ల కొసల్లోకి అలా వెళ్లిపోవాలి.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. 1979లో ఒక క్రైస్తవ మాసపత్రికకు యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయం మీద వ్యాసం రాశాను. యేసు పేతురును ‘నన్ను ప్రేమించుచున్నావా’ అని మూడుసార్లు అడిగినచోట గ్రీకులో రెండు క్రియలున్నాయి కదా, వాటిలో అగాపే క్రియ దైవికమైన ప్రేమ అని, ఫిలియో కేవలం మానవ స్నేహమని, ఏసుక్రీస్తు పేతురు స్థాయికి దిగివచ్చాడని ఆరు పేజీలు నింపాను. సంపాదకుడు మొదటి పేజీలో వేశాడు. ‘మీ గ్రీకు పాండిత్యం’ అంటూ ఉత్తరాలు వచ్చాయి, రెండు సభలకు పిలిచారు, ఒక సభలో శాలువా కూడా కప్పారు. నాలుగేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం గ్రీకు పాత నిబంధనలో సమూయేలు రెండో గ్రంథం తిరగేస్తుంటే, అమ్నోను తన చెల్లెలు తామారును కామించిన కథలో, ‘ప్రేమించెను’ అన్నచోట నా దైవికమైన క్రియే కనబడింది. చేతిలో పుస్తకం మూసేశాను. ఆ తర్వాత వెతికితే, తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని యోహాను అయిదో అధ్యాయం ఇరవయ్యో వచనం చెప్పేచోట ఉన్నది ఫిలియో. దేమా లోకాన్ని ప్రేమించి పౌలును విడిచిపోయినచోట ఉన్నది అగాపే క్రియ. మన తెలుగు అనువాదకులు అక్కడ ‘యిహలోకమును స్నేహించి’ అని రాశారు. నా ఆరు పేజీల సిద్ధాంతాన్ని వాళ్లు ఒక్క మాటతో ముందే కొట్టేశారు, నేను చిన్నప్పటినుంచి చదువుతూ కూడా చూడలేదు.

సవరణ రాసి ఆ పత్రికకే పంపాను. పాఠకుల విశ్వాసం చెదురుతుందని సంపాదకుడు వెయ్యలేదు. నా తప్పు అచ్చులోనే ఉంది, నా సవరణ ట్రంకుపెట్టెలో ఉంది. ఇప్పటికీ ఏదో ఒక సభలో ఎవరో ఒకరు నా ఆరు పేజీలనే మైకులో వినిపిస్తుంటారు. ఇప్పుడు సెమినరీ రెండేళ్లు కూడా అక్కర్లేదు, ఫోనులోని బైబిలులో మాట మీద నొక్కితే దాని నిఘంటువు నంబరు వస్తుంది, నంబరు మీద నొక్కితే ఇంగ్లీషు అర్థాలు నాలుగు వస్తాయి, వాటిలో మన ప్రసంగానికి నప్పేదాన్ని ఎంచుకోవచ్చు. బరువు కోసం రెండు గ్రీకు మాటలు చేర్చమని రచయితలను అడిగే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు. నీ దగ్గరికీ వస్తారు. ఇవ్వకు.

రెండో వ్యాసంలో నువ్వు చేసినదీ ఈ ఫోను పనే. నలభై ఆరో కీర్తన పదో వచనం, ‘ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి’ అన్నదాన్ని తీసుకుని, నిశ్శబ్దం గురించి, వేకువనే ఫోను కట్టేసి కూర్చోవడం గురించి రెండు పేజీలు రాశావు. మంచి అలవాటే, కాదనను. కాని ఆ క్రియ హర్పు. దాని ధాతువు పట్టు సడలడం గురించి చెబుతుంది, నోరు మూసుకోవడం గురించి కాదు. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టిస్తుంటే, పనివాళ్ల చేతులు సడలిపోతే పని ఆగిపోతుందని శత్రువులు ఆశపడినచోట ఉన్నది ఈ ధాతువే. కీర్తనలో దానికి ముందు వచనం చూడు: విల్లు విరుస్తాడు, బల్లెం నరుకుతాడు, రథాలు కాలుస్తాడు. ఆయుధం పట్టుకున్న చేతులను ఉద్దేశించి అంటున్న మాట అది. నాలుగు పేజీల తర్వాత అదే వ్యాసంలో, ఎఫ్ కార్డు దగ్గర పిల్లలందరూ ఆగిపోతారని, చూపుడువేలు ఆరు తీగలమీదా పరచవలసి వచ్చేసరికి భయంతో మెడను పిసికేస్తారని, అప్పుడు నువ్వు వెనక నుంచి బొటనవేలు తట్టి ‘వదులు చెయ్యమ్మా, అది పారిపోదు’ అంటావని రాశావు. అది చదివి నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆ క్రియకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను సెమినరీలో వినలేదు, రాసిన నీకే ఆ సంగతి తెలియలేదు!

ఇంకో మాట. ‘ఊరకుండు’ అన్న తెలుగును నువ్వు పాతదని వదిలేసి, ఫోనులోని ఇంగ్లీషు నుంచి నిశ్శబ్దాన్ని తెచ్చుకున్నావు. మన ఇళ్లలో ‘ఊరుకో’ అని ఎవరితో అంటాం? కొట్టుకుంటున్న పిల్లలతో అంటాం, అంటే మానుకోమని. ఏడుస్తున్నవాళ్లతో అంటాం, దగ్గరకు తీసుకుని. రెండూ ఆ కీర్తనలో ఇముడుతాయి. నీ హెబ్రీ నిన్ను మీ అమ్మమ్మ మాట దగ్గరకు చేర్చవలసింది. అక్కడిదాకా నడవకుండా సగం దారిలో ఆగిపోయావు.

భాషలు చదవడం మొదలుపెట్టాక ప్రార్థన ఎండిపోతోందని, వచనం చదవబోతే క్రియల రూపాలే కళ్లకు కడుతున్నాయని రాశావు. ఉత్తరం మొత్తంలో నిజంగా భయపడి రాసిన వాక్యం అదొక్కటేనని నాకు తోచింది. నాకూ అలాగే అయింది, హెబ్రీ రెండో ఏడాది యాభై ఒకటో కీర్తన చదువుతూ పశ్చాత్తాపపడడానికి బదులు ధాతువులు విడదీస్తూ కూర్చున్న ఉదయాలున్నాయి. దీనికి మందేమిటో నేను చెప్పలేను. నాకు ఏం జరిగిందో మాత్రం చెబుతాను. చిన్నప్పుడు నూట పంతొమ్మిదో కీర్తనలో ఎనిమిదేసి వచనాలకు ఒకసారి పైన ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని అచ్చువేసి ఉంటే, వాళ్లు దావీదు కొడుకులు కాబోలు, వంతులవారీగా పాడేవాళ్లు కాబోలు అనుకునేవాణ్ణి. హెబ్రీ క్లాసు మొదటి రోజున ఆ ఇరవై రెండూ అక్షరాలని తెలిసింది. చుట్టాలు పోయినంత దిగులు వేసింది. కొన్నాళ్లకు ఆ అక్షరాలను పైకి చదవడం అలవాటై, దాలెత్‌కూ రేష్‌కూ తేడా కనిపించక తడబడుతూ, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుకుంటూ, గంటకు మూడు వచనాలు గొణుక్కునేవాణ్ణి. మొదటి కీర్తనలో ‘దివారాత్రము దానిని ధ్యానించువాడు’ అన్నచోట ఉన్న క్రియకు అసలు పని అదేనని తర్వాత తెలిసింది. యెషయా గ్రంథంలో ఆ క్రియ వేట మీద గుర్రుమనే సింహానికి వాడారు, జబ్బుపడి గువ్వలా మూలిగే హిజ్కియా రాజుకు వాడారు. ధ్యానం అనగానే మనకు కళ్లు మూసుకున్న మౌనం తోస్తుంది. ఆ మాటలో ఉన్నది నోటితో చేసే పని. కార్డు మార్చడానికి నీ శిష్యులు పెదవులు కదుపుతూ ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అనుకుంటారే, అలాంటిది. క్రియా రూపాలు కళ్లకు కడితే కట్టనీ. గొణుక్కో.

గిటారు పాఠాలు మాని పూర్తికాలం వేదాంతం చదవాలా అన్నదానికి ఇప్పుడు జవాబు రాయను. నిఘంటువుల సంగతి మరోసారి. మన ఆరాధన పాటల గురించి నీకున్న ఫిర్యాదుతో ఏకీభవిస్తాను. పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చువేసేవారు, ఇరవై రెండో కీర్తన మీద ‘అయ్యెలెత్ షహరు అను రాగముమీద పాడదగినది’ అని మన బైబిలులో ఉన్నట్టే. నువ్వు ఆ మాటను ‘ఉదయపు లేడి’ అని తెలుగు చేశావు, బాగుంది. ముప్పై ఒకటిలో ఉంచదగినది ఇదొక్కటే, అదీ తెలుగులో ఉంచు.

ఇక మూడో వ్యాసం. ఇది చదవకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. తండ్రి సమాధి అయిన తొమ్మిదో రోజున నీ శిష్యురాలు క్లాసుకు వచ్చింది. పదమూడేళ్లది. గిటారు ఒళ్లో పెట్టుకుని పాట మొదలుపెట్టలేదు. ఆరో తీగను అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కి అయిదో తీగతో సరిచూసింది, అయిదో తీగను నొక్కి నాలుగోదానితో, నాలుగో తీగను నొక్కి మూడోదానితో. మూడో తీగ దగ్గరకు వచ్చేసరికి అయిదో ఫ్రెట్‌నే నొక్కింది, అక్కడ మాత్రం నాలుగోది నొక్కాలి, శృతి తప్పింది, మళ్లీ మొదటినుంచి వచ్చింది. గంటసేపు అలా చేసింది. నువ్వు సరిదిద్దలేదు. ఎదురుగా కూర్చున్నావు. కింద టీకొట్టు వాడు గ్లాసులు కడుగుతున్నాడు.

అక్కడ ఆగవలసింది. ఆగకుండా ఇంకా నాలుగు పంక్తులు రాశావు: దేవుడు కూడా మన జీవితపు తీగలను ఇలాగే శృతి చేస్తాడని, మనం ఓపికగా ఆయన చేతుల్లో ఉండాలని, వగైరా. పత్రికల్లో చివర అలాంటివి ఉండాలని నీకెవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు, నేనూ ఇరవై ఏళ్లు రాశాను. ఆ నాలుగు పంక్తులతో నువ్వు ఆ పిల్లతో ‘ఊరుకో’ అన్నావు, అదీ దూరంగా నిలబడి. గదిలో ఉన్నప్పుడు అనలేదు, అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను.

ఆ నాలుగూ కొట్టేసి, మిగతాదాన్ని ముట్టుకోకుండా తిరిగి రాసి పంపు. ఏ పత్రికకు పంపాలో అప్పుడు చూద్దాం. నాకు తెలిసిన సంపాదకుల్లో చివర నీతి లేకుండా అచ్చువేసేవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లలో ఒకరితో నాకు మాటల్లేవు. ఇంకొక సంగతి, నువ్వు రాయడం మర్చిపోయావో కావాలని వదిలేశావో నాకు తెలియదు గాని, మూడు వారాలుగా నాకు పట్టుకున్నది అదే: ఆ పిల్ల మరుసటి వారం వచ్చిందా?

ప్రభువు నీకు తోడైయుండును గాక.

మాస్టారు