ఎనిమిదింటికల్లా తినెయ్యండి

బుజ్జీ,

జూన్ ఆఖర్లో నువ్వూ, నీ కాలేజీ స్నేహితురాళ్లు ముగ్గురూ స్కాట్లాండ్ వస్తున్నారనీ, కారు మీరే నడుపుకుంటారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పి, "అక్కా, నువ్వైనా వద్దని చెప్పవే" అంది. నేను చెప్పను. మన ఇంట్లో ఆడపిల్ల సొంత డబ్బుతో, పక్కన మొగుడో తమ్ముడో లేకుండా ఊళ్లు చూడటానికి బయల్దేరడం ఇదే మొదలు. పొద్దున నడకలో కనపడ్డ ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పొచ్చాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ చూశాను. ఐదు రోజుల్లో ఎడిన్‌బరా, సెయింట్ ఆండ్రూస్, ఇన్వర్నెస్, లాక్ నెస్ సరస్సు, స్కై, గ్లెన్‌కో, ఓబన్, గ్లాస్గో. పైన "రిలాక్స్ ట్రిప్" అని పేరొకటి! ఇది ఎన్నికల ప్రచారంలా ఉంది గానీ సెలవులా లేదు. చెయ్యి ఊపి వెళ్లిపోవడమే తప్ప దిగి కూర్చునేదెప్పుడే? ఎడిన్‌బరా నించి స్కై దీవిలో పోర్ట్రీకి ఎక్కడా ఆగకుండా వెళ్లినా ఐదు గంటలు దాటుతుంది. మ్యాప్‌లో జానెడే కనపడుతుంది, అదే మోసం. ఈ కొండ రోడ్ల మీద మైళ్లు లెక్కెయ్యకూడదు, గంటలు లెక్కెయ్యాలి.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మన ఇండియా లైసెన్సుతో వచ్చిన నాటి నించి ఏడాది దాకా ఇక్కడ బండి నడపొచ్చు, అదీ ఎడమ పక్కనే. గేర్లు లేని బండి కావాలంటే బుక్ చేసేటప్పుడే ఆటోమేటిక్ అని అడగాలి, లేకపోతే గేర్ల బండే చేతిలో పెడతారు. ఇన్సూరెన్స్ దగ్గర కక్కుర్తి వద్దు. గొడుగు తేకు, గాలికి తిరగబడుతుంది. తలమీదికి వచ్చే రెయిన్ కోటు తెచ్చుకో. అంతే.

ఇప్పుడు మీ పెదనాన్న ఆపిల్‌క్రాస్ ప్రయాణం సంగతి చెప్పాలి. మీ అమ్మక్కూడా పూర్తిగా తెలీదు.

ఎనభైల్లో, మేం గ్లాస్గోలో ఉండగా, మా అత్తగారు తెనాలి నించి వచ్చారు. ఆవిడకు ఈ దేశాన్ని ఒక్క విడతలో చూపించెయ్యాలని ఈయన పట్టుదల. చిన్న నోటుబుక్కులో గంటలవారీగా రాసుకున్నారు: ఇన్నింటికి లాక్ లోమండ్, ఇన్నింటికి గ్లెన్‌కో, ఇన్నింటికి లాక్ నెస్ ఒడ్డున అర్కర్ట్ కోట, రాత్రికి పడమటి తీరాన ఆపిల్‌క్రాస్. దిగడం, ఫోటో, ఎక్కడం. గ్లెన్‌కోలో మా అత్తగారు చెప్పులు విప్పి ఏటి పక్కన రాయి మీద కూర్చున్నారు. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని నీళ్లలో పాదాలు పెట్టి, "కాసేపు ఇక్కడే ఉందాం రా అబ్బాయ్" అన్నారు. ఈయన వాచీ చూపించి, "ఇంకా చాలా ఉందమ్మా" అని లేవదీశారు. ఆవిడ తడికాళ్లతోనే బండెక్కారు. సీటు కింద పరిచిన పేపర్ అంతా తడిసింది.

ఆపిల్‌క్రాస్‌కి ఆ వైపు నించి పోవాలంటే బెలక్ నా బా అనే కనుమ ఎక్కాలి. సముద్రం ఒడ్డున మొదలై 626 మీటర్ల ఎత్తుకి పోతుంది. ఒక్క బండి పట్టే దారి, పైకి పోయేకొద్దీ హెయిర్‌పిన్ మలుపులు, ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. సరిగ్గా మలుపు దగ్గర ఎదురుగా ఒక వ్యాను. తప్పుకోవడానికి ఖాళీ మా వెనక ఉంది, అంటే వెనక్కి పోవాల్సింది మేమే. నేను దిగి చెయ్యి ఊపుతూ నిలబడ్డాను, ఈయన అంగుళం అంగుళం వెనక్కి తీస్తున్నారు. క్లచ్ కాలిన వాసన. లోపల అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయ దండకం.

ఊళ్లోకి దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఎండ ఇంకా కొండల మీదే ఉంది. ఆ వెలుతురే మమ్మల్ని ముంచింది. జూన్, జూలైల్లో ఇంత ఉత్తరాన రాత్రి పది దాకా పొద్దుగుంకదు. మనం మాత్రం ఇంకా సాయంత్రమే కదా అనుకుంటూ దారిలో ఏమీ తినకుండా పోతూనే ఉంటాం. పల్లెటూరి హోటల్లో వంటవాడికి ఆ వెలుతురుతో పని లేదు. ఎనిమిదింటికో ఎనిమిదిన్నరకో పొయ్యి ఆర్పి ఇంటికి పోతాడు. మేం దిగిన చోటా అదే అయింది. వంటిల్లు మూసేశారు, ఆ ఊళ్లో తెరిచిన కొట్టు ఇంకోటి లేదు.

హోటలావిడ అత్తగారి మొహం చూసి జాలిపడి, మధ్యాహ్నం మిగిలిన సూపు వెచ్చబెట్టి, రొట్టె కోసి తెచ్చింది. మైసూరు పప్పు సూపు. చిక్కగా, క్యారెట్ తురుముతో, పైన మిరియాల పొడి. మా అత్తగారు వాసన చూసి, "ఇది మన పప్పేనమ్మా" అని రెండు గిన్నెలు తాగారు. ఆవిడ కోడిగుడ్డు ఉన్న గదిలో కూడా కూర్చోని మనిషి. మర్నాడు పొద్దున కృతజ్ఞతలు చెబుదామని నేను వంటింట్లోకి వెళితే, పెద్దావిడకు అంతగా నచ్చిందని మురిసిపోయి హోటలావిడ తయారీ అంతా చెప్పింది. పంది కాలి ఎముక రాత్రంతా నానబెట్టి, గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్లలో పప్పు వేస్తారట. బయటికొచ్చి ఈయన చెవిలో చెప్పాను. "చస్తే అమ్మతో అనకు" అన్నారు. ఆవిడ పోయేదాకా తెనాలిలో ఇరుగుపొరుగు అందరికీ, ఆ దేశంలో ఒక్క పప్పు మాత్రం బ్రహ్మాండంగా చేస్తారని చెప్పుకున్నారు.

ఇది రాస్తుంటే మీ పెదనాన్న వెనక నించి తొంగిచూసి, "ఆ వ్యాను వాడిదే తప్పు" అంటున్నారు. ఇన్నేళ్లయినా అదే పాట.

కాబట్టి బుజ్జీ, ముందు భోజనం ఎక్కడో అనుకో, తర్వాత దారి చూసుకో. పెద్ద భోజనం మధ్యాహ్నం చెయ్యండి, రాత్రికి ఆరున్నరకు బల్ల బుక్ చేసుకోండి. ఆలస్యమయ్యేలా ఉంటే సిగ్నల్ ఉన్న చోటే ఆగి ఫోన్ చెయ్యండి. లోయలోకి దిగాక సిగ్నల్ ఉండదు. మ్యాప్ కూడా ముందే ఫోన్లోకి దింపుకో. పెట్రోలు సగానికి వస్తే నింపెయ్యడమే, ఇంకా ఉందిలే అనుకోవద్దు.

స్కై కొట్టెయ్యి. "స్కై చూడకపోతే స్కాట్లాండ్ ఏమిటి" అని నీ స్నేహితురాళ్లు అంటారు, అననీ. ఇన్వర్నెస్, లాక్ నెస్ కూడా కొట్టెయ్యి. ఆ సరస్సులో ఏదో పెద్ద జంతువు ఉందంటారు గానీ, లేదు, నేను హామీ. మొదటి రెండు రాత్రులూ పెర్త్‌లో మా ఇంట్లో ఉండండి. ఇక్కణ్నించి డంకెల్డ్ దగ్గర్లోనే. టే నది ఒడ్డున పాత చర్చి సగం కూలి, సగం ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతూ ఉంటుంది. దాని పక్క పచ్చిక మీద గంటసేపు ఊరికే కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఇంకాస్త పైకి పిట్‌లోఖ్రీ. అక్కడి ఆనకట్ట పక్కన సాల్మన్ చేపలు ఎక్కిపోవడానికి 34 తొట్లతో మెట్లు కట్టారు, 1951 నాటిది. చేప కనపడితే అదృష్టం, కనపడకపోతే కేకు తిని రండి.

మూడోనాడు కిల్లిన్ మీదుగా గ్లెన్‌కో. కిల్లిన్‌లో డాకర్ట్ నది ఊరి నడుమ రాళ్ల మీద దూకుతుంది. వంతెన మీద బండి ఆపకండి, అవతల ఆపి నడిచి రండి. గ్లెన్‌కోలో పరుగెత్తొద్దు. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అక్కడ జరిగింది తెలుసుకుని చూడు ఆ కొండల్ని. మెక్‌డొనాల్డు వంశం వాళ్ల ఇళ్లలో పన్నెండు రోజుల పాటు అతిథులుగా ఉండి, వాళ్ల ఉప్పు తిన్న సైనికులే వాళ్లని చంపారు. సుమారు 38 మంది అక్కడికక్కడే పోయారు, ఇంకెందరో మంచులో పారిపోతూ చలికి పోయారు. వాళ్ల వంశపెద్ద చేసిన నేరం, రాజుకి విధేయత ప్రమాణం గడువు దాటాక చెయ్యడం. ముందు ఫోర్ట్ విలియంకి పోతే అక్కడ కుదరదన్నారు, ఆ మంచులో పడి ఇన్వరేరీ దాకా పోయాడు, అప్పటికే రోజులు దాటిపోయాయి. మీరు తిరుగు దారిలో ఇన్వరేరీ మీదుగానే లాక్ లోమండ్‌కి వస్తారు. మెత్తటి సీట్లో కూర్చుని పోతూ ఆ ముసలాయన దూరం ఎంతో ఒకసారి చూడు.

గ్లెన్‌కో నించి ఓబన్ గంట ప్రయాణం. రేవులో పచ్చరంగు కొట్టు ఒకటుంటుంది, అక్కడ పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు నిలబడి తినాలి. సీగల్ పక్షులు ప్లేటులోంచి ఎత్తుకుపోతాయి, వీపు గోడకి ఆనించుకుని తినండి.

తిండి గురించి ఇంకో మాట. హాగిస్ అంటే గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లిపాయ, మిరియాలు. తలకాయ కూర ఎముక వదలకుండా జుర్రే పిల్లవి, నీకేం భయం? కాకపోతే అందులో వేసే కొవ్వు ఒక్కోసారి గొడ్డుది కావచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తినాలి. కూరగాయలు, పప్పులతో చేసే శాకాహార హాగిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది, బాగుంటుంది. మీలో ఒకమ్మాయి శాకాహారి అన్నావు కదా. ఆ పిల్లకు చెప్పు, సూపు ఏదైనా సరే ఏ నీళ్లలో ఉడికించారని అడగమని. చిప్స్ కూడా కొన్ని కొట్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మొహమాటపడి తిని తర్వాత కుమిలిపోవడం కంటే అదే నయం.

ఆర్‌బ్రోత్ స్మోకీలు నేనే తెచ్చి ఉంచుతాను. హాడక్ చేపల్ని రెండేసి తోకలు కలిపి కట్టి, కట్టె మీద వేలాడేసి, మూతపెట్టిన పొగలో వండుతారు. ఆ ఊరికి 8 కిలోమీటర్ల లోపల చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలి. వెన్నెముక పట్టుకుని లాగితే ఒక్కసారిగా వచ్చేస్తుంది, కింద కండ బంగారు రంగులో పొరలు పొరలుగా ఉంటుంది. ఫోర్కులు వద్దు, చేత్తో తిను.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది చెబుతాను. ఒంటి వరస రోడ్లు. దారిలో అక్కడక్కడా "పాసింగ్ ప్లేస్" అని బోర్డు పెట్టి కాస్త వెడల్పు చేసి ఉంటుంది. అది నీ ఎడమ పక్కన ఉంటే అందులోకి తప్పుకుని ఆగు. కుడి పక్కన ఉంటే అటు దూరకు. దానికి ఎదురుగా నీ పక్కనే ఆగు, ఎదుటివాడు అందులోకి తిరిగి నిన్ను దాటుతాడు. వెనక స్థానికులు తొందరగా వస్తుంటే వాళ్లకీ దారి ఇవ్వు, పందెం పెట్టుకోకు. దారి ఇచ్చినవాళ్లకు చెయ్యెత్తాలి. ఫోటో కోసం అందులో బండి పెట్టి పోయారో, నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

పొద్దు వాలాక నడపొద్దు. జింకలు రోడ్డు మీదికి వచ్చే వేళ అది. ఒకటి దాటితే హమ్మయ్య అనుకోకు, వెనక రెండోది ఉంటుంది. ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా ఏం చూశానో నీకు చెప్పను. ఈ ఒక్కటి మాత్రం నా మీద ఒట్టేసి పాటించు.

విస్కీ. మీ అమ్మకు చెప్పనులే. డిస్టిలరీ చూడండి, రుచి చూడండి, కానీ ఆ రోజు బండి నడిపేది ఎవరైతే వాళ్లు చుక్క ముట్టకూడదు. 2014 డిసెంబరు నించి స్కాట్లాండ్‌లో హద్దు నూరు మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల మద్యం. ఇంగ్లండ్‌లో 80 కాబట్టి ఇక్కడా చెల్లుతుందని లండన్ వాళ్లు చెబితే వినకు. డ్రైవర్ వంతు చిన్న సీసాలో పోసి ఇవ్వమంటే చాలాచోట్ల ఇస్తారు, రాత్రి గదిలో తాగొచ్చు. రాత్రి ఎక్కువైతే మర్నాడు పొద్దున కూడా తాళాలు ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

గాలి లేని సాయంత్రాల్లో మిడ్జీలనే సన్న పురుగులు వస్తాయి. కంటికి ఆనవు, కుట్టాక తెలుస్తుంది. పూసుకునే మందు ఇక్కడే కొందాం.

ఆ శాకాహారి అమ్మాయి ఉల్లి, వెల్లుల్లి తింటుందో లేదో కనుక్కుని రాయి. గోంగూర పచ్చడి మీ అమ్మ చేత కట్టించు. రెండు కవర్లు చుట్టి పెట్టె మధ్యలో పెట్టు, బట్టల మీద నూనె కారితే నన్ననొద్దు. స్కై హోటలు రద్దు చేసి, వాళ్లు పంపిన మెసేజ్ నాకు పెట్టు. అది చూశాకే మీ అమ్మకు ఫోన్ చేసి, పిల్లకు బుద్ధి ఉంది, పంపించమని చెబుతాను.

మీ పెద్దమ్మ,
పెర్త్