పాత పెంకుటిళ్ల పద్ధతి పునరావాస కాలనీలకు పనికొస్తుందా?

స్లాబ్ ఇల్లు, సీసీ రోడ్డు, నల్లా ఇచ్చినా ముంపు ఊళ్లవాళ్లు పాత ఇళ్లనే ఎందుకు తలుచుకుంటారని, కొత్త కాలనీ డిజైన్‌కి వాటిలో తీసుకోదగ్గది ఏముందని అడిగారు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు ఒక రిజర్వాయర్ కింద పోయింది కాబట్టి చెబుతున్నా.

మట్టి గోడల మీద మా అత్తమ్మకైతే మోజేమీ లేదు. ఏటా వానలకు ముందు పెంకలు సర్దించాలి, వారం తిరక్కుండా కోతులు మళ్లీ పీకేసేవి. ఇంట్లోనే బాత్రూమ్ వచ్చాక వెనక్కి పొమ్మన్నా పోనంటుంది. పాత కట్టుబడి అన్నిచోట్లా మంచిదనీ కాదు. 1993లో లాతూరు భూకంపంలో రాళ్లూ మట్టీ కలిపి కట్టిన గోడలు, వాటి మీది బరువైన మట్టి కప్పులు కూలే చాలామంది చనిపోయారు.

మా పాత ఇంట్లో మందపాటి గోడలు, పైన అటుక, దాని మీద గూనపెంక ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా నడింట్లో చల్లగా ఉండేది. ఇప్పుడు రాత్రి పదైనా స్లాబ్ వేడి కక్కుతూనే ఉంటుంది. అయినా కూలర్‌తో సర్దుకుపోతున్నారు. సర్దుకోలేనిది జాగా. వాకిట్లో మక్కలు ఆరేవి, ఓ పక్క బర్రెల కొట్టం, దాని వెనక గడ్డివాము, అరుగు మీద ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. కొడుక్కి పెళ్లయితే పక్కనే ఇంకో అర్ర వేసేవాళ్లు. కాలనీలో ప్లాటు నడుమ ఇల్లు, చుట్టూ సన్నటి సందు. బర్రె తిరగదు, మక్కలు పోయడానికి రోడ్డే గతి. మా మామయ్య బర్రెలు అమ్మేశాడు.

2013 భూసేకరణ చట్టంలో ఈ సంగతి లేకపోలేదు. పశువులున్న కుటుంబానికి కొట్టం కోసం కనీసం 25,000 రూపాయలు, ఊరికి మేత భూమి, పశువులకు నీళ్లు అని రాసి ఉంది. కానీ డబ్బు చేతికిచ్చినా కొట్టం వేసే చోటు లేఅవుట్‌లో ఉండాలి కదా.

మీరు డిజైన్ చేస్తే ఇంటిని ప్లాటు మధ్యలో పెట్టకండి. ఒక పక్క గోడకు ఆనించి, మిగిలిన జాగా అంతా ఒక్కచోటికి తెండి. ట్రాక్టర్ ట్రాలీ లోపలికి వచ్చేంత గేటు పెట్టండి. రెండో అర్ర ఎటువైపు వేయొచ్చో ముందే చూసి, అటు పునాది వేయించండి. గోడ మట్టిదా సిమెంటు ఇటుకదా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.